విశ్వాసుల కానుక విశ్వాసులకేనా?

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని క్రైస్తవ సంఘాల కాపరులకు, పెద్దలకు, కమిటీ సభ్యులకు బహిరంగ లేఖ



మా సంఘ కమిటీ ఈమధ్య మినిట్స్ పుస్తకంలో ఒక తీర్మానం రాసుకుంది. విశ్వాసుల కానుక విశ్వాసులకే ఖర్చు కావాలని దాని సారాంశం. ఈ తీర్మానానికి దారితీసిన కోరిక చాలా చిన్నది. మా స్త్రీల కూడికలో పిడికెడు బియ్యం తీసే అలవాటు ఉంది. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు పక్కన పెట్టి, ఆదివారం సంచిలో కట్టుకొచ్చి మందిరంలో పోస్తాం. మా అమ్మలు చేశారు, మేమూ చేస్తున్నాం. ఆ బియ్యంలోంచి నెలకు రెండు బస్తాలు మాకివ్వండి, సర్కారు దవాఖానలో రోగుల వెంట వచ్చి వరండాల్లో పడుకునేవాళ్ళకు మేమే వండి పెడతాం అని అడిగాం. తిర్యాణి, కెరమెరి, లింగాపూర్ గూడేల నుంచి వచ్చేవాళ్ళు వాళ్ళు. రోగికి దవాఖాన అన్నం పెడుతుంది. వెంట వచ్చిన తల్లికి, మొగనికి, చంకలోని పిల్లకు ఎవరు పెడతారు? అడిగింది ఇంతే. దానికి వచ్చిన జవాబు ఆ తీర్మానం.

సంఘం పేరు రాయడం లేదు. ఒక్క కమిటీని బజారుకీడ్చడం నా ఉద్దేశం కాదు. అదీగాక ఈ మాట ఒక్క మినిట్స్ పుస్తకంలోనే లేదు. సీఎస్ఐ అయినా, బాప్టిస్టు అయినా, పెంతెకోస్తు అయినా, రేకుల షెడ్డులో నడిచే స్వతంత్ర సంఘమైనా, చాలాచోట్ల రాయని తీర్మానంగా ఇదే నడుస్తోంది. మావాళ్ళు దాన్ని కాగితం మీద పెట్టారు. అందుకు వాళ్ళకు కృతజ్ఞతలు చెప్పాలి కూడా. నోటిమాటను పట్టుకోలేం, రాతను నిలదీయవచ్చు.

మీరు చెప్పిన కారణాలు మూడు. బైబిలే అలా చెబుతోందన్నారు. బయటివాళ్ళకు పెడితే మతమార్పిడి అంటారన్నారు. ముందు మందిరం పని పూర్తి కావాలన్నారు.

బైబిలు నుంచి మీరు చూపించింది గలతీ పత్రిక ఆరో అధ్యాయం పదో వచనం. విశ్వాస గృహానికి చెందినవాళ్ళకు ప్రత్యేకంగా మేలు చేయాలన్న మాట అందులో ఉన్నది నిజమే. కానీ ఆ వాక్యం అక్కడ మొదలు కాలేదు కదా అయ్యగారూ? అవకాశం దొరికినప్పుడల్లా అందరికీ మేలు చేయాలని పౌలు ముందు అన్నాడు. ఇంటివాళ్ళ ముచ్చట ఆ తర్వాత వచ్చింది. ముందు సగాన్ని అరచేత్తో మూసి వెనక సగం చదివితే అది ప్రసంగమవుతుందా? ఇదే పౌలు రోమా పత్రిక పన్నెండో అధ్యాయంలో శత్రువు ఆకలితో ఉంటే అన్నం పెట్టమన్నాడు. తిర్యాణి నుంచి బిడ్డను ఎత్తుకొచ్చిన కొలాం తల్లి మీకు శత్రువు కంటే తక్కువైందా?

పిడికెడు అన్నప్పుడల్లా నాకు సారెపతు విధవరాలు గుర్తుకొస్తుంది. కరువు కాలం. ఇంట్లో గుప్పెడు పిండి, కాస్త నూనె తప్ప ఏమీ లేవు. ఆ చివరి రొట్టె తాను, కొడుకు తిని ఇక చావుకోసం చూడటమే అనుకున్న మనిషి. ఏలీయా ప్రవక్తను పోషించడానికి దేవుడు ఎంచుకున్నది ఆమెను. ఆమె ఇశ్రాయేలీయురాలు కాదు, సీదోను దేశస్థురాలు. మీ భాషలో చెప్పాలంటే అన్యురాలు. యేసు నజరేతు సమాజమందిరంలో ఈ సంగతి ఎత్తినప్పుడు ఏం జరిగిందో లూకా సువార్త నాలుగో అధ్యాయం చదివిన మీకు నేను చెప్పాలా? అప్పటిదాకా ఆయన మాటలకు ఆశ్చర్యపోతూ విన్న సొంత ఊరివాళ్ళే లేచి, ఆయన్ను కొండ అంచుదాకా తోసుకుపోయారు. దేవుని మేలు బయటివాళ్ళకు చేరిందని అన్నందుకు గుడికొచ్చే భక్తులకు వచ్చిన కోపం అది. మీ తీర్మానం చదువుతుంటే నాకు ఆ కొండ అంచు కనబడింది. కఠినంగా ఉంటే క్షమించండి, కానీ మాట వెనక్కి తీసుకోను.

ఇక్కడ ఇంకో లెక్క ఉంది. మనం ఇచ్చేవాళ్ళం, ఊరు పుచ్చుకునేది అన్నట్టు మాట్లాడుతున్నారు మీరు. మన చరిత్ర అలా ఉందా? నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లికి వెళ్ళి చూడండి. కుష్ఠరోగులను ఊరి బయటికి తరిమే రోజుల్లో స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ అక్కడ వాళ్ళ కోసం దవాఖాన కట్టారు. 1915 నుంచి అది పనిచేసింది. మిషన్ దవాఖాన అని గర్వంగా చెప్పుకుంటాం. దానికి పెద్ద మొత్తంలో డబ్బిచ్చిన రాజా నర్సాగౌడ్ ఎవరు? క్రైస్తవుడా? హిందువు. హిందువుల కానుక హిందువులకే అని ఆయన తీర్మానం రాసుకుని ఉంటే ఆ రోగుల గతి ఏమయ్యేది? కెర్ దొరసాని రోగి కులం అడగలేదు, నర్సాగౌడ్ డాక్టరు మతం అడగలేదు. మంచి సమరయుని కథ మీద మీరు ప్రతి ఏటా ప్రసంగం చెబుతారు. అందులో గాయపడ్డవాణ్ణి చూసి పక్కకు తప్పుకుపోయింది యాజకుడు, లేవీయుడు. ఆగింది పరాయివాడు. ఆ పరాయివాడి స్థానంలో నిలబడ్డ నర్సాగౌడ్ పేరు ఏ సండే స్కూల్లో చెబుతున్నారు?

అంత దూరం ఎందుకు, కాగజ్‌నగర్ ముచ్చటే తీసుకుందాం. సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో మూతపడి 2018లో మళ్ళీ తెరుచుకునేదాకా ఆ పట్టణం ఎలా బతికిందో మీలో చాలామందికి కళ్ళారా తెలుసు. మిల్లు తెరుచుకోవాలని మనం ఉపవాస ప్రార్థనలు చేశాం. మంచిదే. కానీ ఆ నాలుగేళ్ళూ మన సంఘాల్లోని మిల్లు కార్మికుల ఇళ్ళకు బియ్యం, పప్పు, నూనె ఉద్దెర ఇచ్చి, ఖాతా పుస్తకంలో రాసుకుని ఓపికపట్టిన కిరాణా దుకాణాలవాళ్ళలో ఎంతమంది విశ్వాసులు? ఆ దుకాణాల్లో గల్లా పెట్టె మీద ఒకరికి లక్ష్మీదేవి పటం ఉంది, ఒకరికి మక్కా పటం ఉంది. ఉద్దెర ఇచ్చేటప్పుడు వాళ్ళు మన బాప్తిస్మం సర్టిఫికెట్ అడిగారా?

క్రిస్మస్ వస్తుంది. తెలంగాణ వచ్చాక సర్కారు పేద క్రైస్తవులకు క్రిస్మస్ బట్టలు పంచింది, విందులు ఇస్తోంది. ఆ విందుల్లో ముందు వరుసలో మీరే కూర్చుంటారు, ఎమ్మెల్యే గారితో కలిసి కేకు కోస్తారు. తప్పు పట్టడం లేదు. కానీ ఆ చీర, ఆ బిర్యానీ ఎవరి పైసలతో వచ్చాయి? గోండు రైతు కొన్న ఎరువు మీద, ముస్లిం డ్రైవరు కొట్టించిన డీజిల్ మీద, బ్రాహ్మణ టీచరు జీతం మీద కట్టిన పన్నుల్లోంచే కదా? ఊరందరి సొమ్ము విశ్వాసులకు పనికొస్తుంది గానీ విశ్వాసుల పిడికెడు బియ్యం ఊరికి పనికిరావా? ఈ ప్రశ్నకు మీ జవాబు నిజంగా వినాలని ఉంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. దేవుణ్ణి ప్రేమించాలి, పొరుగువాణ్ణి ప్రేమించాలి అని మీరు చెబుతూనే ఉన్నారు. మొదటిదానికి ఆదివారం ఉంది, పాటలున్నాయి, చేతులెత్తడం ఉంది, కన్నీళ్ళున్నాయి. రెండోదానికి ఏముంది? పొరుగువాణ్ణి నీలాగే ప్రేమించమన్న ఆజ్ఞ యేసు కొత్తగా పుట్టించింది కాదు, లేవీయకాండం పంతొమ్మిదో అధ్యాయంలోది. ఆ ఒక్క వచనాన్నే బోర్డు మీద రాయిస్తారు. దాని చుట్టూ ఏముందో ఎప్పుడైనా సంఘానికి చదివి వినిపించారా? పొలం అంచుల దాకా కోసుకోకుండా బీదవాళ్ళకు, పరదేశులకు కొంత వదలమని ఉంది. కూలివాని కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని ఉంది. చెవిటివాణ్ణి తిట్టొద్దు, గుడ్డివాని తొవ్వలో అడ్డం పెట్టొద్దని ఉంది. పరదేశిని కూడా నీలాగే ప్రేమించమని విడిగా, మళ్ళీ, ఎవరూ తప్పించుకోకుండా రాసి ఉంది. చివర్లో త్రాసు, తూనికరాళ్ళు సరిగా ఉండాలని ఉంది.

మన జిల్లాలో ఈ అధ్యాయానికి పత్తి చేను తగినంత వ్యాఖ్యానం. దసరా దాటితే మొదలై సంక్రాంతి దాటేదాకా పత్తి ఏరుడు నడుస్తుంది. కూలి కిలో లెక్కన. నదులు దాటి మహారాష్ట్ర నుంచి కూడా కూలీలు వస్తారు. మన సంఘాల్లో ఏరే ఆడవాళ్ళున్నారు, ఏరించే రైతులున్నారు, కొనే వ్యాపారులూ ఉన్నారు. పెద్దల కుర్చీల్లో సాధారణంగా కూర్చునేది ఏరించేవాళ్ళు, కొనేవాళ్ళు. సాయంత్రం చేను గట్టు మీద కాంటా పెట్టినప్పుడు సంచి బరువని కొంత, మంచుకు తడిసిందని కొంత తీసేస్తారు. ఆ తీసేది ఎంతో కాంటా పట్టుకున్నవాడికే తెలుసు. అదే పెద్దమనిషి పత్తిని సీసీఐ కేంద్రానికి తీసుకెళ్ళినప్పుడు తేమ ఎనిమిది శాతం దాటిందని ధర తగ్గిస్తే రోడ్డెక్కి ధర్నా చేస్తాడు. ఆ ధర్నాలో న్యాయం ఉంది. చేను గట్టు మీది కాంటా దగ్గర ఆ న్యాయం ఎటు పోయింది? ఆదివారం దశమభాగం కవరులో పెట్టేటప్పుడు, కూలీ దగ్గర తరిగిన కిలోల డబ్బు కూడా అందులో కలిసి ఉందేమోనని ఏ కాపరి అయినా అడిగాడా?

ఇది వినడానికి చిన్న సంగతిలా ఉంటుంది. అందుకే మీరు ముట్టుకోరు. సువార్త కూటానికి పిలిచిన పెద్ద ప్రసంగీకుడు పాపం గురించి రెండు గంటలు చెబుతాడు. తాగుడు, సినిమా, బొట్టు, పూలు అన్నీ వస్తాయి. కాంటా రాదు. మూడు రూపాయల వడ్డీ రాదు. ఏజెన్సీలో ఆదివాసీ పేరు మీదున్న భూమిని కౌలు అనే పేరుతో ఏళ్ళకేళ్ళు దున్నుకోవడం రాదు. ఆ భూముల గురించి 1/70 చట్టం ఏం చెబుతుందో తాసీల్దారు ఆఫీసులో తెలుస్తుంది, మందిరంలో తెలియదు. చూసిన సహోదరుణ్ణి ప్రేమించనివాడు చూడని దేవుణ్ణి ప్రేమిస్తాననడం అబద్ధమని యోహాను రాసిన పత్రికలో ఉంది. అది యోహాను మాటే, నా మాట కాదు. అబద్ధికుడు అన్న మాట ఆయన వాడాడు.

ఆ సహోదర ప్రేమకు పరీక్ష మన జిల్లాలోనే వచ్చింది. 2024 నవంబర్ 29న కాగజ్‌నగర్ మండలంలో పత్తి ఏరుతున్న ఒక యువతిని పులి చంపేసింది. ఆ తర్వాత చేన్లకు వెళ్ళాలంటే ఆడవాళ్ళు వణికిపోయారు. వెళ్ళకపోతే పూట గడవదు. ఆ డిసెంబర్‌లో మన సెమీ క్రిస్మస్‌లు ఒక్కటీ ఆగలేదు, ఆగాలని నేను అనడం లేదు. ఒక్క వారం మన యౌవనస్థులు క్యారల్స్ మానుకుని, పదిమంది గుంపుగా డప్పు పట్టుకుని ఏరేవాళ్ళకు కాపలా ఉండి ఉంటే? ఆ చేన్లో హిందూ కూలి, బెంగాలీ కూలి, క్రైస్తవ కూలి పక్కపక్క సాళ్ళలోనే ఉంటారు. పులికి తేడా తెలియదు.

అంతకు ముందు నెల, అక్టోబర్ చివర్లో, వాంకిడి గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో తిండి వికటించి పిల్లలు దవాఖాన పాలయ్యారు. వాళ్ళలో ఒక అమ్మాయి వారాల తరబడి పోరాడి నవంబర్ 25న హైదరాబాద్ నిమ్స్‌లో కన్నుమూసింది. మన మందిరాల్లో ఆ బిడ్డ కోసం మౌనం పాటించిన చోట్లు ఉన్నాయేమో, ఉంటే సంతోషం. మా దగ్గర ఆ తర్వాతి ఆదివారం ప్రార్థన అంశాల్లో అయ్యగారి కారు రిపేరు ఉంది, ఆ అమ్మాయి లేదు.

ఇక జైనూర్. దీన్ని దాటిపోదామనుకున్నాను, మనసు ఒప్పలేదు. 2024 ఆగస్టు 31న ఒక ఆదివాసీ మహిళ మీద దాడి జరిగింది. రోడ్డు మీద స్పృహ లేకుండా పడి ఉన్న ఆమెకు ప్రమాదం జరిగిందని మొదట అనుకున్నారు. ఆమె తెలివిలోకి వచ్చి చెప్పాక విషయం బయటపడింది, ఒక మనిషి మీద కేసు పెట్టారు. సెప్టెంబర్ 4న ఆ ఒక్కడి మీది కోపం ఒక సమాజం మొత్తం మీదికి మళ్ళింది. దుకాణాలు తగలబడ్డాయి, ఇంటర్నెట్ బంద్ అయింది, నిషేధాజ్ఞలు వచ్చాయి. ఆదివాసీలు, ముస్లింలు ఇద్దరూ మన పొరుగువాళ్ళే. ఆ గొడవలో ఏ పక్షమూ కాని గుంపు జిల్లాలో ఏదైనా ఉంటే అది మనమే. గాయపడ్డ మహిళ కుటుంబం దగ్గరికీ వెళ్ళగలం, కాలిపోయిన దుకాణం ముందు కూర్చున్న మనిషి దగ్గరికీ వెళ్ళగలం. రెండు చోట్లా మనల్ని అనుమానంగా చూసేవాళ్ళు కాదు. ఆ తర్వాతి ఆదివారం, సెప్టెంబర్ 8న, మా మందిరంలో ఆ ఊసే లేదు. నేను అడిగితే ఒక పెద్ద అన్నారు: అది లోక సంబంధమైన విషయం తల్లీ, మనం తలదూర్చకూడదు. యెరికో తొవ్వలో పడి ఉన్నవాడు కూడా లోక సంబంధమైన విషయమే కదా! అక్కణ్ణుంచి తప్పుకుపోయినవాళ్ళు కూడా మందిరంలో సేవ చేసేవాళ్ళే కదా!

అదే జైనూర్ మండలంలో మార్లవాయి ఉంది. కుమురం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాక, గోండుల బాధ ఏమిటో తెలుసుకుని నివేదించడానికి నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టీ ఆ ఊళ్ళో గుడిసె వేసుకుని ఉన్నారు, వాళ్ళ భాష నేర్చుకున్నారు, భూమి పట్టాల కోసం, బడుల కోసం రాశారు. వాళ్ళు మిషనరీలు కాదు, సువార్త చెప్పడానికి రాలేదు. 1987లో బెట్టీ చనిపోతే ఆమెకు మార్లవాయిలోనే సమాధి కట్టారు. ఏటా జనవరి 11న గోండులు అక్కడ చేరి తలుచుకుంటారు. ఆ భూమి మీద మన సంఘాలు ఎన్నేళ్ళుగా ఉన్నాయి? మందిరానికి కూతవేటు దూరంలో ఉన్న కొలాం గూడెంలో మన పెద్దల్లో ఎవరికైనా నలుగురి పేర్లు తెలుసా?

మీ రెండో కారణానికి వస్తాను. మతమార్పిడి అంటారన్న భయం. దీన్ని నేను కొట్టిపారేయడం లేదు. దవాఖాన వరండాలో అన్నం వడ్డిస్తుంటే ఎవరో వీడియో తీసి ఏదో రాసి వాట్సాప్‌లో తిప్పుతారు, పొద్దున్నే పోలీసు స్టేషన్‌కు మీరే పోవాలి, మేము కాదు. నిజం. కానీ ఆ అనుమానం ఊరికే పుట్టిందా? అన్నం పెట్టిన చోటల్లా మైకు పెట్టింది మనం కాదా? దుప్పటి పంచి, మడతలో కరపత్రం పెట్టింది మనం కాదా? పంచినవాళ్ళ ఫోటో తీసి, విదేశాల్లోని దాతకు పంపింది మనం కాదా? యేసు పదిమంది కుష్ఠరోగులను బాగుచేశాడు. తిరిగొచ్చి మోకరించింది ఒక్కడు, అతడూ సమరయుడు. రాని తొమ్మిదిమందికి ఇచ్చిన స్వస్థతను ఆయన వెనక్కి తీసుకోలేదు. మేం అడిగేది ఆ రకం పెట్టుడు. బ్యానరు వద్దు, సంఘం పేరు వద్దు, భోజనానికి ముందు మన ప్రార్థన వాళ్ళ నెత్తిన వద్దు. దవాఖాన సూపరింటెండెంట్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుందాం. వడ్డనకు గూడెం పెద్దలైన పట్లాలను, మసీదు కమిటీవాళ్ళను, గణేశ్ మండలి పిల్లలను కూడా రమ్మందాం. వాళ్ళు తెచ్చిన పప్పు, మనం తెచ్చిన బియ్యం ఒకే గంజులో ఉడికితే ఎవరు ఎవరిని మార్చారని కేసు పెడతారు?

మూడోది మందిరం పని. దీని మీద ఎక్కువ చెప్పను. పెద్ద మందిరం అంటే మీకు మెదక్ గుర్తుకొస్తుంది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ చేసిన ఆ చర్చికి 2024లో నూరేళ్ళు నిండాయి. కరువులో మలమల మాడుతున్న జనానికి పని, తిండి దొరకాలని మిషనరీ పాస్నెట్ దొర ఆ కట్టడాన్ని నడిపించాడని పెద్దలు చెబుతూ వచ్చారు. ఊరికి అన్నం పెడుతూ లేచిన గోడలవి. మన మందిరం పై అంతస్తు ఊరి అన్నాన్ని ఆపి లేవాలా?

ఇంకో ముక్క, పక్కదారే అయినా. విశ్వాసులకే అన్న మీ నియమం విశ్వాసుల మధ్యనైనా సరిగా నడుస్తోందా? మాల సంఘం, మాదిగ సంఘం అని వేరు చేసుకున్న ఊళ్ళు లేవా? పెళ్ళి సంబంధం దగ్గర మొదట అడిగేది రక్షణ సాక్ష్యమా, కులమా? ఇంటిలోపలే గోడలు కట్టుకున్నవాళ్ళు ఇంటివాళ్ళకు మాత్రమే అని ఎలా అంటారు?

స్త్రీల కూడిక గురించి చివరిగా ఒకటి. పిడికెడు బియ్యం తీసేది మేము. దాచేది మేము, మోసుకొచ్చేది మేము. ఆ బియ్యం ఎక్కడికి పోవాలో నిర్ణయించిన కమిటీలో ఒక్క ఆడమనిషి లేదు. సిలువ దగ్గర చివరిదాకా నిలిచినవాళ్ళెవరో, సమాధి దగ్గరికి మొదట పోయినవాళ్ళెవరో ప్రతి ఈస్టర్‌కూ మీరే చెబుతారు. ఆ ఆడవాళ్ళ మాట మొదట ఎవరూ నమ్మలేదని కూడా లూకా రాశాడు. అపొస్తలులు తర్వాత సమాధి దగ్గరికి వెళ్ళి చూసుకున్నారు. మీరు కనీసం దవాఖాన వరండా దాకా వచ్చి చూడండి. రాత్రి ఎనిమిది తర్వాత రండి, అప్పుడు బాగా కనబడుతుంది.

నేను కోరేది ఇది. మా కమిటీవాళ్ళు ఆ తీర్మానాన్ని పుస్తకంలో దాచకుండా వచ్చే బల్ల ఆరాధన రోజున సంఘమంతటి ముందు చదవాలి. గలతీ పత్రిక వచనాన్ని మొదటి నుంచి చదివి, ఆ తర్వాత చేతులెత్తించాలి. ఆడవాళ్ళ చేతులు కూడా లెక్కపెట్టాలి. రాయకుండా ఇదే నియమం నడిపిస్తున్న మిగతా సంఘాల కాపరులు ఈ క్రిస్మస్ బడ్జెట్ వేసేటప్పుడు స్టేజీకి ఎంత, సౌండుకు ఎంత, ఊరికి ఎంత అని మూడు గళ్ళు గీసి, మూడో గడి ఖాళీగా ఉంటే దానికి సంజాయిషీ సంఘానికి చెప్పాలి. పత్తి ఏరించే పెద్దలు ఈ సీజన్‌లో కాంటాను ఏరేవాళ్ళ ఎదురుగా, వాళ్ళకు అంకె కనబడేలా పెట్టాలి, కూలి ఆ సాయంత్రమే ఇవ్వాలి. దీనికి ఏ తీర్మానమూ అక్కరలేదు.

బియ్యం మా దగ్గర ఉన్నాయి, వండే చేతులూ ఉన్నాయి. సంఘం ఒప్పుకుంటే మందిరం బియ్యంతో మొదలుపెడతాం. ఒప్పుకోకపోతే ఆ పిడికెడు మందిరానికి తేకుండా నేరుగా దవాఖానకే తీసుకెళతాం. ఏది జరగాలో మీరు తేల్చండి.

ప్రభువునందు,
స్త్రీల కూడిక సభ్యురాలు,
ఆసిఫాబాద్